ఆమ్లం పడకముందే ఎర్రబడ్డ నీళ్లు

ఇంటర్ చదివే మా అమ్మాయి బ్యూరెట్ పట్టుకున్న ఫోటో పంపింది. మనం కలిసి చదివిన పెదబయలు బడి గుర్తొచ్చింది.

కెమిస్ట్రీ సార్ ఎవరి ఊరి నీళ్లు వాళ్లని తెమ్మన్నారు, గుర్తుందా? మిథైల్ ఆరెంజ్ చుక్క వేస్తే మనందరి నీళ్లూ పసుపయ్యాయి. బ్యూరెట్లోంచి ఆమ్లం చుక్కలు పడ్డాకే ఎర్రబడ్డాయి. మన క్లాసు చిలకమ్మ వాళ్ల కొండవాగు నుంచి తెచ్చిన గెడ్డనీళ్లు మాత్రం ఆమ్లం పడకముందే ఎర్రబడ్డాయి. సార్ ఫ్లాస్కు కడిగి మళ్లీ చేశారు. అదే ఎరుపు.

"ఇందులో ఏటి కలిసింది?" అన్నారు సార్.

"గెడ్డలో ఎగువన కాఫీపళ్ల తొక్కు పారబోత్తన్నారు సార్. నీళ్లు పుల్లగుంటన్నాయి."

"తాగుతన్నారా?"

"ఊరంతా సార్. సెల్లికి మూడ్రోజులుగా వాంతులు."

సార్ ఫ్లాస్కు పక్కన పెట్టేశారు. "బేగి ఇంటికెళ్లు. ఆ నీళ్లు ఎవుర్నీ తాగనీకు."

చిలకమ్మ సగం కొండ ఎక్కేసరికి చెల్లిని డోలీలో మోసుకుంటూ కిందికి దింపుతున్నారు. ఆస్పత్రి దాకా పక్కనే పరుగెత్తింది. చెల్లి ప్రాణాలతో మళ్లీ కొండెక్కలేదు.