నడివీధిలో పద్దెనిమిది మూరల పడుగు

నో మార్తా తొడ మీద రెండు పోగులు కలిపి పెట్టి, అరచేత్తో ఒక్కసారి ముందుకు తోసింది. పోగులు మెలిపడి ఒకటయ్యాయి. వాటిని ఉండకు చుట్టి మరో రెండు తీసుకుంది. తెల్లవారినప్పటి నుంచి ఇదే పని. పక్కన బుట్టలో అప్పటికే ఏడు ఉండలు ఉన్నాయి.

"ఒంటి పోగుతో నేస్తే చాలదా?" అని అత్త దాసమ్మ అడిగింది.

"చాలదత్తా. మనిషి బరువు ఆనాల."

"ఏ మనిషి బరువో నాకు తెలుసులే. ఆ మనిషికి ఇంత గట్టి నూలా?"

మార్తా మరో రెండు పోగులు కలిపి పెట్టింది. తొడ మీద చెయ్యి మళ్ళీ ముందుకు పోయింది.

ఆమెది బర్మా. వాళ్ళ కొండ మనుషుల భాషలో ఆడవాళ్ళ పేరుకు ముందు 'నో' అంటారు, మనం చివర అమ్మ అన్నట్టు. పెనుకొండకు నాలుగు మైళ్ళలో ఉన్న ఈ పల్లెలో ఆ 'నో' ఎవరికీ పట్టలేదు. బర్మామె అన్నారు, అదే నిలిచింది. దాసమ్మ కొడుకు దేవసహాయం రంగూన్ రైలు కార్ఖానాలో పనిచేస్తూ, ఆమె ఊరి వెదురు చర్చిలో ఆమెను పెళ్ళాడాడు. నలభై రెండులో బాంబులు పడితే ఇద్దరూ కొండలు, అడవులు నడిచి ఇటు వచ్చారు. దారిలో అతనికి జ్వరం తగిలింది. రైలు దొరికేదాకా చివరి పన్నెండు మైళ్ళు అతన్ని ఆమే వీపున మోసింది, తాను నేసిన పట్టీని నుదుటికి తగిలించుకుని. ఊరు చేరిన ఎనిమిదో రోజు అతను పోయాడు.

క్రైస్తవుల పది ఇళ్ళు ఊరికి తూర్పున, వాళ్ళ సమాధుల చోటు పడమట. మధ్యలో ఊరి నడివీధి. ఊరి పెద్ద ఓబుళప్ప తన ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడి, మీ పీనుగ ఈ వీధిలో పోయేది లేదు, గుట్టవార దావన పోండి అన్నాడు. ఆ రోజు వాన. గుట్టవార దారంతా జారే మొరపనేల. మోసినవాళ్ళు నలుగురు, ఇద్దరు మగవాళ్ళు, మార్తా, దాసమ్మ. సగం దారిలో దాసమ్మ కాలు జారింది. పాడె ఒరిగింది. దేవసహాయం దొర్లి, రాళ్ళ మీద మొహం ఆనేలా పడ్డాడు. మార్తా తన చీర కొంగుతో ఆ మొహం తుడిచింది. ఆమె అప్పుడు ఏడవలేదు.

అప్పటి నుంచి రెండేళ్ళు. ఆమె పొద్దున్నే లేచి రాగి సంగటి కెలుకుతుంది, వేరుశనగ పెరకడానికి పోతుంది, మధ్యాహ్నాలు మగ్గానికి కూర్చుంటుంది. తన ఊళ్ళోని చేపల పచ్చడి వాసన, కప్పు మీద ఆగకుండా పడే వాన గుర్తొస్తాయి. ఈడ వాన ఏడాదికి నాలుగు సార్లు. ఆ నాలుగు సార్లూ ఆమెకు గుట్టవార దారే కనిపిస్తుంది. ఆదివారం మట్టిగోడల చర్చిలో అందరితో కలిసి ప్రార్థన చెబుతుంది. మన మీద తప్పు చేసినవాళ్ళను క్షమించే చోటికి వచ్చేసరికి పెదాలు మూసుకుంటుంది. తరువాతి మాట దగ్గర మళ్ళీ కలుస్తుంది. పక్కన కూర్చునే దాసమ్మ మొదటి నెలలోనే కనిపెట్టింది.

"దేవుని కాడ కూడా మొండితనమేనా?"

"అబద్ధం చెప్పేదానికన్నా ఊరికే ఉండేది మేలు కదత్తా."

ఈ మాఘంలో ఓబుళప్ప, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలె బావి గట్టు మీంచి పడ్డాడు. నడుము పూస కదిలింది. హిందూపురంలో డాక్టరు దొర చూసి, ఆరు నెలలు నడుముకు వెడల్పాటి నేత పట్టీ చుట్టుకోవాలన్నాడు. యుద్ధం వల్ల మద్రాసు నుంచి అట్లాంటివి రావడం లేదు. తోలు పట్టీ కట్టి చూస్తే ఒరుసుకుని పుండు చేసింది, కుట్టు ఉన్నదైతే కుట్టు దగ్గర గుచ్చుకుంటుంది. "మీ ఊరి నుంచి దాసమ్మ అని ఒక ముసలామె నడుము నొప్పికి నా దగ్గరికి వచ్చింది. ఆమె కట్టుకున్న, కోడలు నేసిన పట్టీ లాంటిది కావాలి. అతుకు లేకుండా పద్దెనిమిది మూరలు నేయించు" అని పంపించాడు.

ఓబుళప్ప బావమరిది కొండప్ప ధర్మవరం పోయి నూలు తెచ్చి, దాసమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమ్మే, నేస్తావా లేదా?"

"నేస్తా. అయితే పద్దెనిమిది మూరల పడుగు సాచి కట్టల్ల. మా కొట్టంలో అంత చోటు లేదు. మీ ఇంటి అరుగు స్తంభానికి ఒక కొస కడతా. ఎదురుగోడ కాడ నేను కూచుంటా."

"నడివీధిలోనా? నువ్వా?"

"ధర్మవరంలో పడుగులు యాడ పరుస్తారు? వీధిలోనే కదా."

కొండప్ప తిట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి మళ్ళీ వచ్చి సరేనన్నాడు. ఓబుళప్పకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఆమె మగ్గం చిన్నది. దానికి గుంట లేదు, చట్రం లేదు. ఒక కర్ర స్తంభానికి కట్టేది, ఒక కర్ర తన నడుముకు తోలుపట్టీతో కట్టుకునేది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నేసేవాళ్ళ ఒళ్ళే మగ్గానికి సగం. ఎంత నేస్తే అంత ఒళ్ళోని కర్రకు చుట్టుకుంటూ, కూర్చున్న చోటు నుంచి ముందుకు జరగాలి. సాచి కట్టిన పడుగును ఎవరూ దాటరు. నేత ఎరిగిన ఊళ్ళలో ఎక్కడైనా అంతే, పిల్లలు కూడా చుట్టు తిరిగి పోతారు.

సోమవారం పొద్దున ఆమె మొగదల వైపున్న అరుగు స్తంభం నుంచి వీధికి అడ్డంగా పడుగు కట్టి కూర్చుంది. నీళ్ళ బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఆగిపోయారు.

"ఏమే బర్మామె, ఊరికి కంచె వేసినావా?"

"తొమ్మిది దినాలే అక్కా. గోడవార ఒక్కొక్కరుగా పోండి."

అరుగు మీద నులకమంచంలో వెల్లకిలా పడుకున్న ఓబుళప్ప తల తిప్పితే ఆమె మొహమే. ఆమె తల ఎత్తితే అతని మొహం. మొదటి రోజు రెండు మూరలు అయ్యాయి. సాయంత్రం నడుముకర్రను నేలలో కొట్టిన గూటానికి కట్టి, పడుగు మీద కంబళి కప్పి ఇంటికి పోయింది.

మంగళవారం అతన్ని హిందూపురం తీసుకుపోవాల్సిన రోజు. రెండు రోజులకు ఒకసారి పుండు కడిగించుకోవాలి. బండి వీధి మొగదలకు వచ్చి ఆగింది. మార్తా వెనక గోడకూ పడుగుకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది, బండికి లేదు, మంచానికి లేదు. వీధి రెండో కొస పడమట సమాధుల వైపు పోతుంది, బండి బాటకు కలవదు. ఇక ఓబుళప్ప పశువుల దొడ్డి వెనక నుంచి ఉన్నది గుట్టవార దారే.

"లెయ్, ఒక గడియ విప్పు," అన్నాడు కొండప్ప.

"విప్పితే బిగువు పోతుంది. నేసిన కాడికి ఒకటి, మిగిలింది ఒకటి అవుతుంది. రెండూ కలిసే చోట మీ బావ నడుము గుచ్చుకుంటుంది. విప్పమంటావా?"

కొండప్ప ఓబుళప్ప వైపు చూశాడు. ఓబుళప్ప కళ్ళు మూసుకుని, "దొడ్డి దావన తీసుకుపోండప్పా" అన్నాడు.

నలుగురు జీతగాళ్ళు మంచం ఎత్తారు. మార్తా పేక పోగు దూర్చి, దాన్ని బిగించే చెక్కకత్తితో రెండు దెబ్బలు కొట్టింది. కాసేపటికి గుట్ట వైపు నుంచి అరుపు వినిపించింది. మొరపనేల మీద ముందువాడి కాలు జారి, మంచం కుదిలింది. ఆమె చేతులు ఆగలేదు. అరుపు ఆగేదాకా విని, ఆ చోటు ఏదో లెక్కకట్టింది. దాసమ్మ జారిన చోటు ఇంకా కొంచెం పైన. అక్కడిదాకా పోతే ఇంకో అరుపు వస్తుంది. వచ్చింది. ఆమె కడుపులో చాలాకాలంగా కాలుతున్నది కాస్త చల్లబడినట్టయింది. దానికి ఆమె సిగ్గుపడలేదు.

సాయంత్రం అదే దారిన తెచ్చారు. గురువారం మళ్ళీ పోయారు, మళ్ళీ వచ్చారు.

ఆ రాత్రి సంగటి ముందు కూర్చుని దాసమ్మ అడిగింది. "నా పట్టీకి నువ్వు పడుగు కర్రకు చుట్టుకుని కొట్టంలోనే నేసినావు కదా పాపా?"

"అవును."

"వాళ్ళకు తెలిస్తే?"

"తెలియనీ."

"పోనీ, మధ్యలో నాలుగు పోగులు ఒదులుగా కొట్టు. మూడో నెలలో అదే పోతుంది."

మార్తా చాలాసేపు ఆ మాట గురించి ఆలోచించింది. చెయ్యడం తేలికే. ఎవరూ పట్టలేరు. కానీ పట్టీ పోయిన రోజు జనం పగ అనరు, బర్మామె నేత అంతే అంటారు. వీపున దేవసహాయాన్ని మోసింది కూడా ఆ నేతే. పన్నెండు మైళ్ళు ఒక్క పోగు జారలేదు. ఓబుళప్ప కోసం దాన్ని చెడగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "వద్దత్తా" అని చెయ్యి కడుక్కుంది.

శనివారానికి ఆమె వీధి మధ్యకు జరిగి వచ్చింది. వెనక బండి పట్టేంత చోటు ఏర్పడింది. అరుగు దగ్గరైంది, మాట వినబడుతుంది.

"ఏమ్మే," అన్నాడు ఓబుళప్ప పైకప్పు చూస్తూ. "దాసమ్మ పట్టీ కూడా పద్దెనిమిది మూరలేనంట కదా. మీ కొట్టంలో యాడ సాచినావు దాన్ని?"

పక్కనున్న కొండప్ప ఉలిక్కిపడి ఆమెను చూశాడు. మార్తా నేత ఆపి, నడుము బిగువు వదలకుండా చెప్పింది.

"సాచలేదయ్యా. కర్రకు చుట్టుకుని నేసినా."

"ఇదీ చుట్టుకోవచ్చు."

"చుట్టుకోవచ్చు."

"మరి ఎందుకు ఈ కత?"

"నువ్వు ఆ దావన పోవల్లని. నా మొగుడు పడిన కాడ నీ మంచం కూడా జారల్లని."

కొండప్ప కొడవలి కోసం లేచాడు. "తెంపేస్తా ఉండు! ఎంత పొగరే నీకు!"

"కూచో," అన్నాడు ఓబుళప్ప.

"బావా, వినబడలేదా అది ఏమంటాండాదో?"

"వినబడింది. పన్నెండు మూరలు అయింది. నువ్వు తెంపితే మిగతా ఆరు నువ్వు నేస్తావా? కూచో." తల మార్తా వైపు తిప్పి అడిగాడు. "ఆ దినం వాన, కదా?"

"వాన."

"నాకు తెలీదు ఆడ అంత జారుతుందని. నేను ఎప్పుడూ పోలేదు ఆ దావన."

ఆమె అతన్ని చూసింది. అది క్షమాపణ కాదు, అతను క్షమాపణ అడగలేదు. ఆమె కూడా ఇవ్వలేదు. చెక్కకత్తి తీసుకుని పోగు మీద కొట్టింది.

"పట్టీ నమ్మొచ్చా?" అన్నాడతను.

"కట్టుకుని చూడు. ఒక్క పోగు జారినా నన్ను ఇదే స్తంభానికి కట్టు."

ఆ తరువాత కూడా రోజుకు రెండు మూరల చొప్పున ఆమె అరుగు వైపు జరిగింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె మోకాళ్ళు అరుగు రాయికి తగిలాయి. చివరి పేక కొట్టి, కొసలను నాలుగేసి పోగుల చొప్పున జడలు అల్లి ముడి వేసింది. పట్టీని వెలుగుకు ఎత్తి పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు వేళ్ళతో తడిమింది. అంచు ఎక్కడా వంకర లేదు. చుట్ట చుట్టి లేచింది.

ఓబుళప్ప భార్య పెద్దక్క గడపలోకి వచ్చి, అలవాటు ప్రకారం, "ఆడ అరుగు మీద పెట్టు, నీళ్ళు చల్లి తీసుకుంటా" అంది.

మార్తా పెట్టలేదు. రెండు చేతులతో చుట్టను ముందుకు సాచి నిలబడింది.

"కింద నుంచి పైకి చుట్టల్ల. ఊపిరి వదిలినప్పుడు బిగించల్ల, పీల్చినప్పుడు కాదు. తడిపితే నీడలో ఆరబెట్టు."

పెద్దక్క మంచం వైపు చూసింది. ఓబుళప్ప పైకప్పు వైపు తల తిప్పుకున్నాడు. వీధిలో బిందెలతో ఆగిన ఆడవాళ్ళు చూస్తున్నారు. మార్తా చేతులు అట్లాగే ఉన్నాయి.

పెద్దక్క గడప దిగి వచ్చి, ఆమె చేతుల్లోంచి పట్టీని తీసుకుంది.