మబ్బు పట్టని సాయంత్రం

కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే సాయంత్రాన్ని పాడుచేసి పెడుతుంది. ఒక దీపం వెలిగితే చాలు, బెదిరిపోయి చుట్టూ చీకటి చేస్తుంది. అందుకే పగలు రాత్రి కావడాన్ని ఒక్క నిమిషంలో చూపే టైమ్‌లాప్స్‌ను నేను చేత్తోనే నడుపుతాను. పొద్దు గుంకే వేళ రెండు మూడు నిమిషాలకోసారి ఇంకాస్త వెలుతురు లోపలికి వచ్చేలా షట్టర్ డయల్ ఒక్క మెట్టు తిప్పాలి. మరిచిపోతే వీడియో నల్లబడుతుంది, ఆలస్యంగా సర్దితే ఒక్కసారిగా వెలుతురు ఎగిరిపడుతుంది.

ఆ కార్తిక సోమవారం రాజమండ్రిలో గోదావరి రేవు మెట్ల మీద ట్రైపాడ్ పెట్టాను. పక్కన నా చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం ఒకే స్టూడియోలో పెళ్ళిళ్ళు తీసేవాళ్ళం. ఆ చాకిరీ నుంచి బయటపడి నాకంటూ ఒక పేరు తెచ్చుకోవాలంటే ఈ వీడియో ఒక్కటే ఆధారం. ఆ సంగతి వాడికీ తెలుసు.

వాడు ఆ రోజు ఉపవాసం. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సరిగ్గా వంతెన మీద దీపాలు వెలిగే వేళకి వాడికి కళ్ళు తిరిగాయి. డయల్ వదిలేసి పట్టుకున్నాను.

"ముందు ఈ అరటిపండు తినరా."

"చుక్క కనబడకుండా తిననురా" అని మొండికేశాడు.

ఇద్దరం ఆకాశమంతా వెతికాం. "అదిగో!" అని వాడే చూపించాడు. పండు వలిచి నేనే తినిపించాను. ఈలోగా డయల్ మీద మూడు మెట్లు తప్పిపోయాయి. గబగబా సర్దాను గానీ వీడియోలో ఆ మచ్చ ఉండిపోయింది. ప్రాణం కంటే ఎక్కువా అనుకున్నాను.

ఫోటోగ్రాఫర్ల ప్రదర్శనకు నా తరఫున పంపుతానని ఫైళ్ళు వాడే తీసుకున్నాడు. హాల్లో తెర మీద నా సాయంత్రం కింద వాడి పేరు పడింది. ఒళ్ళు మండిపోయింది.

"మధ్యలో ఆ చీకటి ఏంటండీ?" అని ముందు వరసలో ఎవరో అడిగారు.

"మబ్బు అడ్డొచ్చిందండి" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. అందరూ తలలూపారు.

హాలు బయట మెట్ల దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. పేరు గురించి నిలదీయాలని వెళ్ళినవాణ్ణి, తీరా నోటికి వచ్చింది వేరు.

"ఆ రోజు మబ్బే పడితే నీకు చుక్క ఎలా కనబడిందిరా?"

వాడు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు.