పొడి పక్కల పద్ధతి

2003 వేసవిలో నన్ను అనంతపురం జిల్లాకు వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకురాలిగా వేశారు. హోదా పేరు బారెడు, అధికారం మాత్రం బెత్తెడు. ప్రభుత్వ సాయం అందుకునే వృద్ధాశ్రమాలను తనిఖీ చేయడం, మూడు నెలలకోసారి వాటి నిర్వాహకులను పిలిచి సమీక్షా సమావేశం పెట్టడం నా పని. ఒకచోట బాగా నడుస్తున్న పద్ధతిని మిగతావాళ్లకు చెప్పించడం ఆ సమావేశం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. దాన్ని ఎలా భ్రష్టు పట్టించారో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అవి వరుస కరువు రోజులు. బోర్లు ఎండిపోయి ఊళ్లకు ఊళ్లు ట్యాంకరు నీళ్ల మీద బతుకుతున్నాయి. ఆశ్రమాల్లో పెద్ద తలనొప్పి ఉతుకుడు. మంచం దిగలేని ముసలివాళ్లు రాత్రి పక్క తడిపితే తెల్లారి దుప్పట్లు ఉతకడానికి నీళ్లుండవు. ఏ ఆశ్రమం గడప తొక్కినా ముందు ఆ వాసనే ఎదురయ్యేది. సోమందేపల్లె దగ్గర ఓబులేసు అనే ఆసామి నడిపే ఆశ్రమంలో మాత్రం పక్కలన్నీ పొడిగా ఉండేవి. మా పై అధికారి, అంటే ప్రాంతీయ ఉప సంచాలకుడు, అది చూసి మురిసిపోయి, నేను వచ్చాక జరిగిన మొదటి సమావేశంలోనే ఆ కిటుకు చెప్పమని ఓబులేసును నిలబెట్టారు.

"పొద్దు వాలినాక నీళ్లు బంద్ సార్. మజ్జిగ గూడా ఇయ్యం. లోపలికి పోకుంటే బయటికి యాడ నుంచి వస్తాది?" అన్నాడతను. హాలంతా నవ్వింది. ఆ ఎండల్లో ముసలి ప్రాణాలు అలా తట్టుకోగలవా, డాక్టరును అడిగాకే చెబుదామని నేను అడ్డుపడ్డాను. నేను కొత్తగా వచ్చాననీ, కరువు జిల్లా కష్టం నాకింకా తెలియదనీ మా అధికారి నా నోరు మూయించి, అందరూ ఇదే పాటించాలని చెప్పేశారు.

కొన్ని వారాలకు చిలమత్తూరు ఆశ్రమం నుంచి నిర్వాహకురాలు జయమ్మ ఫోను చేసింది. నరసమ్మ అనే ముసలావిడకు ఉన్నట్టుండి పిచ్చి పట్టిందట. ఎప్పుడో పోయిన మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తోందట, దగ్గరికి వెళ్తే కొడుతోందట. మతి చలించినవాళ్లను ఉంచుకోకూడదని సాయం షరతుల్లో ఉంది కాబట్టి బయటికి పంపడానికి నా అనుమతి కావాలంది. నరసమ్మ గొర్రెలు కాసి బతికిన మనిషి. నా అనే దిక్కు లేదు. పంపేస్తే ఆమెకు బస్టాండే గతి.

జీపు తీయించి వెళ్లాను. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి, నాలుక తోలులా ఎండిపోయింది. గ్లాసుతో నీళ్లు ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, ఖాళీ అయ్యాక కూడా వదల్లేదు. సాయంత్రాలు నీళ్లు ఆపేశారా అని జయమ్మను అడిగాను. "మీ మీటింగులో చెప్పిందే చేసినాం గదా మేడం!" అంది. ఆమెను ఏమని తిట్టను? హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు సెలైను ఎక్కిస్తూ, ఒంట్లో నీరు తగ్గి మూత్రనాళంలో చీము పట్టిందనీ, ఆ మతి తడబాటు దానివల్లేననీ, అది పిచ్చి కాదనీ చెప్పాడు. ముసలివాళ్లకు నీళ్లు ఆపమన్న తెలివిగలవాడెవడని గట్టిగా అడిగాడు. మా శాఖేనని చెప్పాల్సి వచ్చింది. నాలుగు రోజులకు నరసమ్మ తేరుకుని ఆశ్రమానికి తిరిగొచ్చి, మంచం కిటికీ దగ్గర వేయలేదని జయమ్మను తిట్టడం మొదలుపెట్టింది.

తర్వాతి సమావేశాన్ని కలెక్టరేటులో కాకుండా చిలమత్తూరు ఆశ్రమంలోనే, మంచాల మధ్యే పెట్టించాను. మా అధికారి మొహం చిట్లించుకునే వచ్చారు. పగలంతా దండిగా నీళ్లు తాగించడం, సాయంత్రమూ అడిగినప్పుడు ఇవ్వడం, పడుకునే ముందు లేపి మూత్రానికి కూర్చోబెట్టడం, పరుపు మీద రబ్బరు షీటు వేయడం, డాక్టరు చెప్పిన ఇవన్నీ జయమ్మ చేత చెప్పించాను. ఓబులేసు తగ్గలేదు. ఒక్కరికి జబ్బు చేస్తే పద్ధతే తప్పంటారా, మా దాంట్లో ఇంతవరకు ఒక్కరూ నోరెత్తలేదు అన్నాడు.

మంచం మీద నుంచి నరసమ్మ అందుకుంది. "ఏమప్పా, ఎండన పడి వచ్చినావని నీకు రెండు చెంబులు నీళ్లిచ్చిరి. గటగటా తాగితివి. నీ పక్క తడుస్తాదేమోనని నిన్ను ఎవురన్నా అడిగిరా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నీళ్లు ఆపే పద్ధతి రద్దయిందని మా అధికారి గోడకేసి చూస్తూ చెప్పారు.

మంచి పద్ధతి అని ఎవరు చెప్పినా అది ఎవరికి మంచిదో ముందు అడగాలని నేను అక్కడ నేర్చుకున్నాను. ఓబులేసు పద్ధతి ఉతికేవాళ్లకు మంచిది, తనిఖీకి వచ్చే మా ముక్కులకు మంచిది. ఆ తర్వాత నా సమావేశాల్లో ఏ పద్ధతి గురించైనా ముందు మంచం మీద ఉన్నవాళ్లే మాట్లాడేవారు. కానీ ఆ వేసవిలో మిగతా ఆశ్రమాల్లో ఎంతమంది గొంతెండి తెల్లవార్లూ పడి ఉన్నారో నాకు తెలియదు. వాళ్లను అప్పుడు ఎవరూ అడగలేదు.