కృప బియ్యప్పిండిలో నేను కలిపింది

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలకు పోవడమే. దాన్ని నిజంగా మోసింది ఇంకో మనిషి. నేను పక్కన నడుస్తూ చూసేను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. చదువుతూ చదువుతూ నా మీద జాలి కలిగితే మాత్రం అక్కడితో ఆపెయ్యండి. జాలిపడేవాళ్ళంటే నాకు పడదు.

మా తమ్ముడి భార్యని ఇక్కడ కృప అంటాను. అసలు పేరు అది కాదు. డెబ్బయ్యో దశకం చివర్లో అమలాపురం నుంచి రాజోలు పక్కన ఉన్న మా ఊరికి కాపురానికి వచ్చింది. వాళ్ళది తాతగారి కాలం నుంచీ ఉద్యోగాల కుటుంబం. మా అమ్మ ఊడ్పులకి వెళ్ళి మమ్మల్ని పెంచింది. అమ్మ పోయేక తమ్ముణ్ణి చదివించింది నేను. ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని, పెళ్ళి చేసుకోలేదు, ఆ ఇంట్లో వంటిల్లు నాది. నాది అనే అనుకున్నాను.

కృపకి వచ్చిన దగ్గర్నుంచీ కడుపు బాగుండేది కాదు. తిన్నది వంటబట్టేది కాదు. విరేచనాలు, నీరసం, మొహం తెల్లగా పాలిపోయి ఉండేది. సుకుమారం అనుకున్నాను. పైకి కూడా అన్నాను. చివరికి తమ్ముడు మద్రాసు తీసుకెళ్ళేడు. అక్కడ పెద్దాసుపత్రిలో గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసేరు. సీలియాక్ అన్నారు. గోధుమ, మైదా, బార్లీ ఈ జన్మలో ముట్టుకోకూడదు, చిటికెడు కూడా కడుపులోకి పోకూడదు, దీనికి వేరే మందు లేదు అని కాగితం మీద రాసిచ్చేరు.

వరి పండే చోట ఆ మాట విని అందరూ నవ్వేరు. నేను నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు మిషన్ బళ్ళో మధ్యాహ్నం అమెరికా గోధుమనూకతో ఉప్మా పెట్టేవారు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో నేనూ తమ్ముడూ దాంతోనే బతికేం. నా ఆకులోది సగం అమ్మకోసం మూటగట్టుకుని తెచ్చేదాన్ని. ఆ గోధుమ ఈవిడగారికి విషమట!

ఖర్చు పెరుగుతుందని గొడవ పెట్టుకుందామంటే ఆ సాకూ దొరకలేదు. కృప కొత్తగా కొన్నదేమీ లేదు. పొద్దున్న చోడిజావ, అదే రాగిజావ, కాకపోతే ఇడ్లీ. సాయంత్రం పెసరట్టు, లేదా కొబ్బరికోరు కలిపిన బియ్యపురొట్టె. బిస్కెట్ల బదులు నువ్వులుండలు. మిల్లులో గోధుమలు కూడా ఆడతారని, బియ్యం నానబెట్టి, ఆరబోసి, ఇంట్లోనే రోట్లో దంచుకునేది. డబ్బా ఇంగువలో పిండి కలుపుతారని డాక్టరు చెప్పేడట, దాన్నీ మానేసి వెల్లుల్లితో పోపు పెట్టుకునేది. తన పెనం వేరు, తన జల్లెడ వేరు. రెండు నెలల్లో బుగ్గలు నిండేయి. జుట్టు రాలడం తగ్గింది.

ఆ ఏడు క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు, అచ్చు ముంచి నూనెలో వేసే పిండివంట, తనే వేసింది. మా ఇంట్లో అవి ఏటా నేనే, మైదాతో వేసేదాన్ని. కృప వట్టి బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి వేసింది. తమ్ముడు ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "అక్కయ్యా, నీ వాటికన్నా ఇవి కరకరలాడుతున్నాయే" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. ఇంతదానికేనా అని మీరు అడగచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఇంతదానికే.

జనవరిలో బడికి సెలవున్న ఒక మధ్యాహ్నం, కృప పెరట్లో తలంటుకుంటుంటే ఆమె బియ్యప్పిండి డబ్బా మూత తీసేను. గోధుమపిండి అయితే రంగు తెలిసిపోతుంది. మైదా తెల్లగా ఉంటుంది. రెండు గుప్పిళ్ళు పోసి, చేత్తో అడుగుదాకా కలిపేను. ఏమీ కాదని నా నమ్మకం. ఏమీ కాకపోతే పదిరోజుల తరవాత అందరి ముందూ చెబుదామనుకున్నాను, ఇదిగో మీ మద్రాసు జబ్బు, అని.

వారం తిరక్కుండానే మంచం ఎక్కింది.

అక్కడ ఆపి ఉంటే నాది మూర్ఖత్వం అనుకోవచ్చు. జబ్బు నిజమని ఆ రోజే నాకు తెలిసిపోయింది. డాక్టరుకి తెలిసినంతగా తెలిసింది. తెలిసేక కూడా ఎందుకు కలిపేను? ఆమె మళ్ళీ పాలిపోతుంటే, వంటిల్లు మళ్ళీ నా చేతిలోకి వస్తుంటే, నాకు బాగుంది. ఇంతకన్నా మెత్తగా చెప్పే మాట కోసం ఎన్నో ఏళ్ళు వెతికేను. లేదు. బాగుంది.

ఆమె మాత్రం కారణం వెతుక్కుంటూనే ఉంది. జల్లెడ మార్చింది. పెనం మార్చింది. పెసరపప్పులో ఏమైనా కలిసిందేమోనని ఒక్కొక్క గింజా ఏరింది. డబ్బాలో పిండి అయిపోతే ఓపిక లేకపోయినా మళ్ళీ దంచుకునేది. నేను మళ్ళీ కలిపేదాన్ని. అలా మూడు నెలలు. ఆ మధ్యలోనే నెల తప్పింది. అది నిలవలేదు. మైదా వల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే, ఎందుకు అడుగుతున్నావంటారు.

ఆ తరవాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వీధరుగు మీద కూర్చున్నాం. తమ్ముడు చిరాగ్గా ఉన్నాడు.

"బయట ఏమైనా తింటున్నావా? నిజం చెప్పు" అన్నాడు భార్యతో.

"లేదండీ. కాగితంలో ఉన్నట్టే వండుకుంటున్నానండీ."

వాడు నావైపు తిరిగేడు. "అక్కయ్యా, బడి లేనప్పుడు నువ్వింట్లోనే ఉంటావు కదా. నీకేమైనా తెలుసా?"

ఏమీ తెలియదంటే సరిపోయేది. ఎవరూ ఇంకేమీ అడిగేవారు కాదు.

"పోయిన వారం బజార్లో బన్ను కొనుక్కు తింటుంటే చూసేను" అన్నాను.

కృప తల తిప్పి చూసింది. "నన్నాండీ వదినగారూ? మీరు చూసేరా?"

"ఆయ్. నిన్నే."

"మీరు చూసేనంటే ఇంక నేనేం చెప్పనండీ" అని లేచి లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి మైదా కలపడం మానేసేను. పశ్చాత్తాపం కాదు. ఇక అవసరం లేదు. మరి ఏమైందో చూడండి. ఆమె కోలుకుంది. రెండు నెలల్లో మనిషి తేరుకుంది. తమ్ముడికి అదే రుజువైపోయింది. పట్టుబడింది కాబట్టి దొంగతిండి మానేసింది, మానేసింది కాబట్టి బాగుపడింది. నా అబద్ధానికి ఆమె ఆరోగ్యమే సాక్ష్యం చెప్పింది.

తరవాత తమ్ముడికి ఉద్యోగంలో బదిలీ అయి వాళ్ళు కొత్తపేట వెళ్ళిపోయేరు. ఒక ఆడపిల్ల పుట్టింది. తమ్ముడు భార్యని బాగానే చూసుకున్నాడు. కాని ఆమె ఊరు వెళ్ళొచ్చినప్పుడల్లా సంచీ విప్పి చూసేవాడు. వాడు పోయేదాకా చూసేడు. కృప ఆ సంచీ తనే విప్పి చూపించడం అలవాటు చేసుకుంది.

మేనకోడలు పదేళ్ళప్పుడు సెలవలకి తల్లితో కలిసి నా దగ్గరికి వచ్చింది. అన్నం తింటూ, "అత్తా, మా అమ్మ దొంగతనంగా బన్నులు తినేసేదట కదా, నువ్వే పట్టుకున్నావట కదా" అని పకపకా నవ్వింది. వాళ్ళింట్లో అదొక హాస్యం అయిపోయిందన్నమాట. పక్కనే కృప ఉంది. ఆమె కూడా కొంచెం నవ్వింది. పిల్లకి ఇంకో గరిటెడు పులుసు వడ్డించింది. నా వైపు చూడలేదు. ఆమెకి తెలుసా? డబ్బా మూత ఎవరు తీసేరో ఎప్పుడైనా ఊహించిందా? ఊహించి ఊరుకుందా? ఆ ప్రశ్నతో నేను ముసలిదాన్నయ్యేను.

కృప అంటే నాకిప్పటికీ ఇష్టం లేదు. ఒప్పుకుంటున్నాను కదా, ఇదీ ఒప్పుకోవాలి. మనిషి మీద ప్రేమ పుట్టి రాస్తున్న ముక్కలు కావివి. క్షమించమని కూడా అడగడం లేదు. క్షమించవలసిన వాళ్ళలో ఒకడు మట్టిలో ఉన్నాడు, ఒకరు పుట్టనేలేదు. మిగిలినామె దగ్గర ఇంకో మంచితనం కూడా దండుకోవడం నాకు చేతకాదు.

కృప ఏమీ దొంగతిండి తినలేదు. ఆమె పిండిలో మైదా కలిపింది నేను. నేనేమీ చూడలేదు.

ఇది రాయడానికి ఇంత తక్కువ సేపు పడుతుందని నాకు తెలియదు.