అమెరికా వాళ్లు అడగని మాట

చండ్రుగొండలో మా పక్కింటి పెదనాన్న గత శనివారం పొద్దున కన్నుమూశారు. చర్చి గంట మోగేటప్పటికి నేను నా ఆన్‌లైన్ సెంటర్ షట్టర్ ఎత్తుతున్నాను. గంట ఆయన కోసమేనని తెలిసినప్పుడు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఎందుకో చెబుతాను.

వరసకే పెదనాన్న. ఫారెస్టు గార్డుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పుట్టుకతోనే మాటా వినికిడీ లేని చెల్లెలిని, మా అత్తను, కంటికి రెప్పలా చూసుకున్నారు. తారు రోడ్డు మీద కూడా ఎండుటాకు తొక్కకుండా నడిచే మనిషి. నేను పదో తరగతి ఫెయిలై ఇంట్లో దాక్కుంటే, చెయ్యి పట్టుకుని మళ్లీ బడికి తీసుకుపోయింది ఆయనే. "అడవి సప్పుడు జేస్తే భయం లేదు బిడ్డా. ఊకున్ననాడే జూస్కోవాలె" అనేవారు.

నాలుగేళ్ల కింద సెంటర్‌కు వచ్చి, "ఈడ కూసోనే అమెరికా షేర్లు కొనొచ్చంట గదా, నాకు పెట్టియ్యి. నేను పోయినంక దానికెవరున్నరు?" అన్నారు. ఆయన ఫోన్‌లోనే, అమెరికా షేర్లు కొనిపెట్టే ఒక కంపెనీ యాప్‌లో ఖాతా తెరిచాను. పాన్ కార్డు, ఫొటో, సంతకం, పన్ను కాగితం, అన్నీ అడిగింది. అంతా అయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి, "గిన్ని అడిగిండ్రు. సచ్చినంక ఎవలికియ్యాల్నో అడగలే. ఏందే ఇది?" అన్నారు.

"మన బ్యాంకు లెక్కనే పెదనాన్నా, అత్తకే వస్తయి" అన్నాను. నిజానికి నాకు తెలియదు. వెనక లైనులో జనం ఉన్నారు.

ఆ ఆదివారం వాళ్లింటి బైబిలు తెచ్చి చూపించారు. పుట్టుకలూ చావులూ రాసుకునే మొదటి పేజీలో, వాళ్లమ్మ పోయిన తేదీ కింద, "అమెరికా షేర్లన్నీ మా చెల్లెకు" అని రాసి ఉంది.

"ఇంతకన్న పెద్ద సాక్ష్యం ఏముంటది?" అన్నారు. నేను నవ్వాను. అప్పుడైనా కనుక్కోవాల్సింది.

అక్కడ మార్కెట్ తెరిచే వేళకు, సాయంత్రం ఏడింటికి, ఫోన్‌లో అలారం పెట్టుకున్నారు. అరుగు మీద అత్తను పక్కన కూర్చోబెట్టుకుని చూసేవారు. ధర పెరిగితే బొటనవేలు పైకెత్తి చూపించేవారు, ఆమె మురిసిపోయేది. నేను కనిపిస్తే "దానికొస్తయి గదే?" అని అడిగేవారు. "అవ్ పెదనాన్నా" అనేదాన్ని. చివరిసారి జ్వరంతో మంచం మీద అడిగారు. అప్పుడూ అదే మాట చెప్పాను.

సమాధి చేసి వచ్చిన రెండో రోజు ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ఖాతాకు నామినీ లేరన్నారు. ఇక్కడి కోర్టు కాగితాలు, అక్కడి పన్ను కాగితాలు కావాలట. ఎన్నాళ్లు పడుతుందో, చివరికి ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. బైబిలు పేజీ సంగతి చెప్పాను. అవతలి మనిషి చాలాసేపు ఏమీ అనలేదు. అడవి ఊరుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

నిన్న సాయంత్రం అత్త దగ్గరికి వెళ్లాను. ఏడు కాగానే అరుగు మీద ఫోన్ వెలిగి వణికింది. ఆయన వేలిముద్ర లేనిదే అది తెరుచుకోదు. అత్త దాన్ని కొంగుతో తుడిచి, బైబిలు మీద పెట్టి, బొటనవేలు పైకెత్తి, 'అవునా?' అన్నట్టు నా మొహంలోకి చూసింది.

నేను తల ఊపాను.