తుడిచిన బోర్డు

వనపర్తిలో సిమెంటు దుకాణం మీది రేకుల గదిలో కురుమూర్తి సార్ ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాడు. చొక్కా ఏ రంగుదైనా సాయంత్రానికి సుద్ద రంగుకే వస్తుంది. కింద బస్తాలు దించే హమాలీల దాకా ఆయన గొంతు వినబడుతుంది. ఎవరైనా డౌటు అడిగితే మాత్రం గొంతు ఆగి డస్టరు లేస్తుంది. బోర్డు తుడుస్తాడు, మూలలు తుడుస్తాడు, చెక్క ఫ్రేము తుడుస్తాడు. డస్టరును కిటికీకి కొట్టి దులిపి, దగ్గి, నీళ్లు తాగి ఇటు తిరిగేసరికి అడిగినవాడికే ఆ డౌటు మీద విరక్తి పుడుతుంది.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక పొద్దున, గోపాల్‌పేట నుంచి వచ్చే రజని అందరికంటే ముందొచ్చి బోర్డును తడిగుడ్డతో అద్దంలా తుడిచి, డస్టరును తన సంచిలో దాచింది. సార్ రాగానే లేచి నిలబడింది. "సార్, పాదరసం గుడ లోహమే గదా. మరి ఇనుము లెక్క గట్టిగ లేకుండ నీళ్ల లెక్క ఎందుకుంటది?" సార్ బోర్డు వైపు తిరిగాడు. అరచేత్తోనే ఒకసారి తుడిచి చూసుకున్నాడు. చేతికి సుద్ద కూడా అంటలేదు. "తెల్వదమ్మా," అన్నాడు చివరికి. "సదువుకొనొచ్చి రేపు చెప్త." ఆయన నోట ఏది వచ్చినా రాసుకోవడం అలవాటైన పిల్లలు అదీ రాసుకున్నారు. వెనక బెంచీలో భరత్ చెయ్యెత్తాడు. "సార్, గిది రెండు మార్కులకొస్తదా, నాలుగు మార్కులకా?"