పెద్దమ్మ కాళ్ల మీద

గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో మా ఎదురింటి పెద్దమ్మ కాళ్ల మీద నీళ్లు పోసుకోని బిడ్డ లేదు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకునేది. ముందు ఒక చెంబు ఉడుకునీళ్లు తన కాళ్ల మీదే పోసుకుని వేడి చూసుకునేది. ఆ తర్వాతే బిడ్డకు.

అరవై ఏళ్లు దాటినాక ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మత్తు కోసం వెన్నులో సూది వేసినారు. అందరికీ పూటలో దిగిపోయే మత్తు, ఆమెకు తొడల నుంచి కిందికి వదలనే లేదు; గిల్లినా తెలిసేది కాదు. "ఎప్పుడో ఎవరికో ఒకరికి ఇట్లయితాదమ్మా" అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఆమె గోడ పట్టుకుని నడిచేది.

ఆ ఏడే పుట్టిన నా తొలి కొడుక్కి నీళ్లు పోయడానికి ఆమే వచ్చింది. అలవాటుగా కాళ్ల మీద చెంబు కుమ్మరించుకుంది. "నీళ్లు సరిపోయినాయి, బిడ్డను ఇయ్యి" అని చేతులు చాపింది. చూస్తే ఆమె కాళ్లు ఎర్రగా కంది పొగలు కక్కుతున్నాయి. నేను బిడ్డను ఎదకు అదుముకుని కేక వేసినాను. ఆమె తన కాళ్లను ఎవరివో చూసినట్టు చూసుకుంది.

ఇంక రాదనుకున్నా. బొబ్బలు మానినాక వచ్చి పీట వేసుకుంది. "నీళ్లు నువ్వు చూసి పొయ్యి. కాళ్లు నేనిస్తా" అనింది.

నేను పోస్తుంటే రోజూ అడిగేది: "తంతాండాడా?"

"తంతాండాడు పెద్దమ్మా."

"గట్టిగానా?"

"శానా గట్టిగా."

అప్పుడు వాడి పాదాన్ని తన అరచేతిలో పెట్టుకుని, ఇంకో తన్ను కోసం కాచుకునేది.